పడవ మోటారు పునరుద్ధరణ

మన కోస్తాలో ఫైబరు తెప్పల వెనుక బిగించే మోటారు నడిసముద్రంలో ఆగిపోతే జాలరి ప్రాణాలే ప్రమాదంలో పడతాయి. అందుచేత దానిని ఇంటివద్ద విప్పి బాగుచేయ పూనుకొన్నవారు అది ఎందుకు ఆగినదో ముందుగా కనుగొనాలి.

రెండు స్ట్రోకుల మోటారులో పిస్టను పట్టివేయడానికి ముఖ్య కారణాలు రెండు: పెట్రోలులో నూనె చాలకపోవడం, చల్లబరచే నీరు అందకపోవడం. అనేక మోటార్లకు 50 పాళ్ళ పెట్రోలులో 1 పాలు నూనె కలుపుతారు. ఇక నీటిని తోడే రబ్బరు రెక్కల ఇంపెల్లరు అరిగినా, ఉప్పు పేరుకొని నీటిదారులు మూసుకొన్నా సిలిండరు మితిమీరి వేడెక్కుతుంది. ఈ లోపాన్ని సవరించక కొత్త పిస్టను, రింగులు అమర్చితే అవీ మరల పాడవుతాయి.

బిగించిన పిదప నీటి పీపాలోనే నడిపి చూడాలి. నీరు లేక నడిపితే ఇంపెల్లరు చెడిపోతుంది. ప్రక్కనుండి నీటిధార ఎడతెగక వెలువడితేనే మోటారును మరల సముద్రానికి పంపాలి.