చలికాలపు కరెంటు బిల్లులో దాగిన దొంగ

ఢిల్లీ నగరంలో జనవరి నెల కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 7, 8 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. కృష్ణా గోదావరీ తీరాల నుండి ఉద్యోగరీత్యా అక్కడికి చేరినవారికి ఆ చలి మొదటి సంవత్సరం వింతగాను, రెండవ సంవత్సరం నుండి బెడదగాను తోస్తుంది. చలికంటె ఎక్కువగా వణికించేది మరొకటి ఉన్నది. అది నెలాఖరున వచ్చే కరెంటు బిల్లు.

అటువంటి కుటుంబాన్ని ఒకదానిని ఊహించుకుందాం. భార్యాభర్తలు, కళాశాలలో చదువుకొనే కుమార్తె, డెబ్బయ్యేళ్లు దాటిన తల్లి. అద్దె ఇంట్లో రెండవ అంతస్తు. అక్టోబరులో 240 యూనిట్లు చూపిన బిల్లు జనవరిలో 600 యూనిట్లు చూపింది. ఇంట్లో కొత్త వస్తువేదీ కొనలేదు. చుట్టాలెవరూ రాలేదు.

ఇటువంటప్పుడు ఇంట్లో మొదట జరిగేది విచారణ కాదు, నిందారోపణ. మీటరే తప్పుడుదంటాడు యజమాని. కూతురు గంటసేపు స్నానం చేస్తున్నదంటుంది తల్లి. పైకి ఎవరూ అనకపోయినా అందరి చూపులూ ముసలావిడ గదిలోని హీటరు వైపు తిరుగుతాయి. ఆమె దానిని గ్రహిస్తుంది. "నాకేం చలి లేదురా అబ్బాయ్, రెండు దుప్పట్లు కప్పుకుంటే సరిపోతుంది" అని ఆ రాత్రి నుండి హీటరు వెలిగించడం మానుకుంటుంది.

నేరం రుజువు కాకముందే శిక్ష అమలైపోయింది. కాని దోషి ఎవరు?

ముందుగా కాగితాన్ని ప్రశ్నించాలి

బిల్లు చేతికి రాగానే చాలామంది చూసేది చెల్లించవలసిన మొత్తం ఒక్కటే. చూడవలసినవి మరి మూడు ఉన్నాయి. మొదటిది, ఆ బిల్లు ఎన్ని రోజులకు వేశారన్నది. కిందటిది 28 రోజులకు, ఇప్పటిది 36 రోజులకు అయినట్లయితే, వాడకం పెరగకుండానే యూనిట్లు పెరుగుతాయి. రెండవది, రీడింగు నిజంగా తీసినదా, ఇంటికి తాళం వేసి ఉన్నందువల్ల సగటున వేసినదా అన్నది. ఒక నెల తక్కువగా అంచనా వేస్తే, ఆ లోటు మరుసటి నెల బిల్లులో ఒక్కసారిగా వచ్చి పడుతుంది. మూడవది, బిల్లులోని రీడింగు మీటరు మీద కనిపించే అంకెతో పొసగుతున్నదా అన్నది.

మరొక సంగతి కూడా ఉన్నది. యూనిట్లు పెరిగినంత నిష్పత్తిలోనే రూపాయలు పెరగవు. వాడకం హెచ్చినకొద్దీ పైమెట్టు యూనిట్ల ధర హెచ్చుతుంది. రాయితీలు ఉన్నచోట ఈ తేడా మరీ కొట్టవచ్చినట్లు కనబడుతుంది. ఢిల్లీలో 2019 ఆగస్టులో ప్రవేశపెట్టిన పద్ధతి ప్రకారం 200 యూనిట్ల వరకు ఉచితం, 201 నుండి 400 వరకు రాయితీ, 400 దాటితే ఏమీ లేదు. తెలంగాణలో 2024 మార్చిలో అమలులోకి వచ్చిన గృహజ్యోతి పథకంలో అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. ఆ హద్దు దాటితే మొత్తం బిల్లు చెల్లించవలసిందే. హైదరాబాదులోని ఒక చిన్న ఇంట్లో చలికాలపు గీజరు కలిపే 20, 30 యూనిట్లు ఈ గీత దాటించడానికి చాలు.

మన ఢిల్లీ కుటుంబం బిల్లులో ఈ దోషాలేవీ లేవు. రెండు బిల్లులూ 30 రోజులవే. రీడింగు సరిగ్గానే ఉన్నది. 360 యూనిట్లు ఎక్కువ ఖర్చయినమాట నిజం.

వేడికి లెక్క ఉన్నది

తీగలో కరెంటు ప్రవహిస్తే ఎంత వేడి పుడుతుందో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జేమ్స్ జౌల్ 1841లోనే లెక్కకట్టి ప్రచురించాడు. ఇంటి యజమానికి ఆ సూత్రంతో పని లేదు. వెయ్యి వాట్ల ఉపకరణం ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్టు ఖర్చవుతుందని తెలిస్తే చాలు. ఒక యూనిట్టు సుమారు 860 లీటర్ల నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించగలదని కూడా గుర్తుంచుకుంటే స్నానాల గది లెక్క సులభంగా తేలుతుంది.

కుళాయి నీరు 14 డిగ్రీలుంటే, 20 లీటర్ల బకెట్టును 40 డిగ్రీలకు వేడిచేయడానికి సుమారు 0.6 యూనిట్టు కావాలి. నలుగురి స్నానాలకు రెండున్నర యూనిట్లు. గిన్నెలు తోమడానికి మరో అర యూనిట్టు వేసుకున్నా రోజుకు 3, నెలకు 90. ఇక ముసలావిడ గదిలో 2,000 వాట్ల హీటరు రాత్రి రెండు గంటలు వెలుగుతుంది. రోజుకు 4 యూనిట్లు, నెలకు 120. రెండూ కలిపితే 210.

అయితే చలికాలం ఖర్చు పెంచడమే కాదు, కొంత తగ్గిస్తుంది కూడా. అక్టోబరులో రోజుకు పది గంటలు తిరిగిన మూడు పంకాలు జనవరిలో తిరగవు. ఒక్కొక్కటి 75 వాట్ల చొప్పున నెలకు 67 యూనిట్లు మిగులుతాయి. అంటే నికరంగా పెరగవలసినది 143 యూనిట్లు. పెరిగినది 360. మిగిలిన 217 యూనిట్లు ఏమైనట్లు?

చేతిలో కాగితం, పెన్సిలు ఉంటే పది నిమిషాలలో తేలే లెక్క ఇది. హీటరు పూర్తిగా నిర్దోషి కాకపోవచ్చు. కాని అసలు దోషి అది కాదని అంకెలే చెబుతున్నాయి.

ఎర్రదీపం చెప్పిన సాక్ష్యం

ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్రదీపం మినుకుమంటూ ఉంటుంది. ఎన్నిసార్లు మినుకుమంటే ఒక యూనిట్టో మీటరు మీదనే ముద్రించి ఉంటుంది. 3,200 అన్నది తరచుగా కనిపించే సంఖ్య. ఇంట్లోని స్విచ్చులన్నీ ఆపి, ఫ్రిజ్జు, టెలివిజన్ పెట్టె వంటి వాటి ప్లగ్గులు పీకి, గడియారం చేతబట్టి ఈ దీపాన్ని గమనించడమే అసలైన పరీక్ష. ఏ వస్తువూ కరెంటు తీసుకోనప్పుడు దీపం కదలకూడదు.

ఈ ఇంట్లో దీపం నిమిషానికి 16 సార్లు మినుకుమన్నది. గంటకు 960. అంటే 0.3 యూనిట్టు. రోజుకు 7.2. నెలకు 216! కనిపించకుండాపోయిన యూనిట్ల సంఖ్యకు ఇది దాదాపు సరిగ్గా సరిపోయింది. ఇల్లంతా నిద్రపోతున్నప్పుడు కూడా ఎవరో మూడు వందల వాట్లు తాగుతున్నారన్నమాట.

మీటరు మీద మరో దీపం కూడా వెలుగుతున్నది. 'ఎర్త్' అన్న గుర్తు పక్కన ఉండే దీపమది. మన దేశంలో అమర్చే ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావరకు ఇంట్లోకి వెళ్లే తీగలోను, తిరిగివచ్చే తీగలోను ప్రవాహాన్ని విడివిడిగా కొలుస్తాయి. రెండూ సమానంగా ఉండాలి. లేకపోతే కొంత కరెంటు తన దారిలో తిరిగిరాకుండా భూమిలోకో, పొరుగింటి తీగలోకో పోతున్నదని అర్థం. అప్పుడు మీటరు రెంటిలో ఎక్కువైన ప్రవాహాన్నే లెక్కకు తీసుకుంటుంది. మీటరు తప్పుడుది కాదు. ఎవరూ చూడని సంగతిని అది ఒక్కటే చూస్తున్నది.

గోడ మీది దోషి

తరువాత చేయవలసినది దారి వెదకడం. మెయిన్ స్విచ్చు ఆపగానే దీపం ఆగిపోయింది. అంటే లోపం ఇంటిలోపలిదే. ఒక్కొక్క గది స్విచ్చునూ ఫ్యూజు బోర్డు దగ్గర వరుసగా ఆపుతూ పోగా, స్నానాల గది వంతు వచ్చేసరికి దీపం నిలిచిపోయింది. గీజరు ప్లగ్గు పీకినప్పుడు కూడా అదే జరిగింది.

గీజరు స్విచ్చు మాత్రం ఆపే ఉన్నదే!

ఇక్కడే ఎలక్ట్రీషియన్ అవసరం ఏర్పడుతుంది. ఆయన విప్పి చూస్తే బయటపడే లోపాలు రెండు. గీజరు లోపలి కాయిలు చుట్టూ ఉండే లోహపు తొడుగు ఏళ్ల తరబడి ఉప్పునీటికి తిని చిల్లుపడింది. ఆ చిల్లు గుండా కరెంటు నీటిలోకి, నీటి నుండి తొట్టికి, అక్కడినుండి ఎర్తు తీగ ద్వారా భూమిలోకి పోతున్నది. రెండవది, ఎప్పుడో వైరింగు చేసినవారు స్విచ్చును ఫేజు తీగకు కాక న్యూట్రల్ తీగకు బిగించారు. అందువల్ల స్విచ్చు ఆపినా కాయిలుకు కరెంటు అందుతూనే ఉన్నది. వేసవిలో ప్లగ్గు పీకి ఉంచుతారు గనుక ఈ సంగతి బయటపడలేదు. చలికాలం వచ్చి ప్లగ్గు పెట్టిన రోజు నుండి రాత్రింబవళ్లు కారుతూనే ఉన్నది.

అప్పుడు ముసలావిడకు ఒక విషయం గుర్తుకు వస్తుంది. "పది రోజులుగా కుళాయి పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందిరా. చలికి తిమ్మిరేమో అనుకున్నాను."

అది తిమ్మిరి కాదు. ఎర్తు తీగ పట్టు సడలుతున్నదనడానికి సూచన. అంతకాలం కరెంటును భూమికి చేరవేస్తూ ఆ ఇంటివారిని కాపాడినది ఆ ఒక్క తీగే. అది పూర్తిగా తెగి ఉంటే బిల్లు తగ్గిపోయేది. అందరూ సంతోషించేవారు. ఆ మరునాడు తడిచేతితో కుళాయి తిప్పినవారి శరీరమే ఎర్తు తీగ అయ్యేది.

పొదుపు ఎక్కడ, ప్రమాదం ఎక్కడ

ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టే సాధనం ఉన్నది. ఆర్.సి.సి.బి. అని పిలిచే స్విచ్చు, వెళ్లిన కరెంటుకు, తిరిగివచ్చిన కరెంటుకు మధ్య 30 మిల్లీఆంపియర్ల తేడా రాగానే సరఫరాను తెంచివేస్తుంది. ఈ ఇంట్లో కారుతున్నది దానికి నలభై రెట్లకు పైగా. ఆ స్విచ్చు ఉన్నట్లయితే మొదటిరోజే గీజరు పనిచేయకుండా ఆగిపోయేది. బిల్లు దాకా రావలసిన పనే లేదు. అద్దె ఇంట్లో చేరేవారు కుళాయిలో నీరు వస్తున్నదో లేదో చూసుకున్నట్లే, బోర్డులో ఈ స్విచ్చు ఉన్నదో లేదో చూసుకోవాలి. దాని మీది పరీక్ష బొత్తాము అప్పుడప్పుడు నొక్కి పనితీరు తెలుసుకోవాలి.

ఇంట్లో అన్ని పరీక్షలూ చేసిన తరువాత కూడా లెక్క తేలనప్పుడు మీటరును అనుమానించడం న్యాయమే. 2024లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, రీడింగు వాడకానికి పొసగడం లేదని ఫిర్యాదు చేస్తే సరఫరా సంస్థ ఐదు రోజులలో సరిచూసే మీటరును అదనంగా అమర్చి, కనీసం మూడు నెలలపాటు వాడకాన్ని పరిశీలించాలి.

పొదుపుకు మార్గాలు లేకపోలేదు. 2,000 వాట్ల గీజరు 15 లీటర్ల నీటిని 14 నుండి 50 డిగ్రీలకు తేవడానికి సుమారు 19 నిమిషాలు చాలు. స్నానానికి ముందు వేసి, కాగగానే ఆపివేయడం మేలు. కాయిలు హీటర్లలో ఖరీదైనదైనా, చౌకదైనా ఒక యూనిట్టుకు ఇచ్చే వేడి ఒక్కటే. తలుపు కింది సందు మూయడంవల్ల కలిగే లాభం కొత్త హీటరు కొనడంవల్ల కలగదు. బిల్లుకు భయపడి మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవడం మాత్రం ఎన్నటికీ పనికిరాదు. దాని నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

గీజరు కాయిలు మార్చి, స్విచ్చు వైరింగు సరిచేసి, ఎర్తు తీగ బిగించి, ఆర్.సి.సి.బి. అమర్చిన సాయంత్రం, స్విచ్చులన్నీ ఆపి చూస్తే ఎర్రదీపం కదలలేదు. యజమాని మీటరు దగ్గరనుండి లేచి తిన్నగా తల్లి గదిలోకి వెళతాడు. రెండు దుప్పట్ల కింద ముడుచుకొని ఉన్న ఆమె వద్దు వద్దంటున్నా వినక హీటరు వెలిగిస్తాడు.

"రోజుకు నాలుగు యూనిట్లేనమ్మా" అంటాడు. "అది ఎప్పుడూ మన లెక్కలో ఉన్నదే."