ఎర్ర గీత వైపు

కార్లలో ఏసీ బటన్ పక్కన ఒక నాబ్ ఉంటుంది చూడండి, సగం నీలం గీత, సగం ఎర్ర గీత. విజయవాడలో ఉన్నన్నాళ్ళూ దాన్ని ఎర్ర గీత వైపు తిప్పిన మనిషిని నేను చూడలేదు. పిల్లలెవరైనా సరదాకి తిప్పితే వీపు మీద ఒకటి పడేది. ఇంగ్లండు వచ్చాక అక్టోబరు చివర్లో అటు తిప్పామంటే మళ్ళీ ఏప్రిల్ దాకా దాన్ని ముట్టుకునే పనిలేదు.

మేముండేది హడర్స్‌ఫీల్డులో. మా ఆవిడ నర్సు. కొండలకి అవతల, మాంచెస్టర్ వైపు ఆసుపత్రిలో పని. వారానికి మూడు రాత్రులు ఎం62 మీద వెళ్ళి, తెల్లారాక అదే దారిలో తిరిగి రావాలి. ఇంగ్లండు మోటార్‌వేలన్నింట్లో ఎత్తైన చోటు ఆ దారిలోనే ఉంది. విండీ హిల్ అంటారు, 372 మీటర్లు. పేరుకి తగ్గట్టే గాలి. కింద వాన పడుతుంటే అక్కడ మంచు పడుతుంటుంది.

నవంబరులో మా పన్నెండేళ్ళ డీజిల్ కారు హీటర్ మొండికేసింది. ఫ్యాన్ బాగానే తిరుగుతోంది, గాలి జోరుగానే వస్తోంది, కానీ బావిలోంచి వచ్చినంత చల్లగా. ఇంజను వేడి చూపించే ముల్లు మాత్రం ఎప్పటిలాగే మధ్యలో నిలబడి ఉంది. రెండు స్వెట్టర్లు, చేతికి గ్లవ్స్, కాళ్ళ మీద దుప్పటి వేసుకుని వెళ్ళొచ్చింది మా ఆవిడ. "చలికి కాదండీ నా భయం, అద్దానికి" అంది.

ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. హీటర్ లేకపోతే ముందు అద్దం లోపలి వైపు మన ఊపిరే పొగమంచులా పేరుకుంటుంది. ఏసీ వేస్తే గాలి పొడిబారి కొంత నయమే. కానీ బయట సున్నాకి దగ్గర పడితే చాలా కార్లలో ఏసీ కంప్రెసరే ఆగిపోతుంది. ఇక గుడ్డతో తుడుచుకుంటూ, లారీల మధ్య, రాత్రి పదింటికి! ఇక్కడి హైవే కోడ్ 229వ నియమం కూడా అద్దాల మీద మంచు, ఆవిరి పూర్తిగా పోయాకే బయలుదేరమంటుంది. నియమం సంగతి అలా ఉంచండి, ఆమె ఇంటికి రావాలి కదా.

మొదటి గ్యారేజీలో కుర్రాడు నాబ్ అటూ ఇటూ తిప్పి, గాలికి చెయ్యి అడ్డం పెట్టి, "హీటర్ మాట్రిక్స్ పోయింది" అని తేల్చేశాడు. బానెట్ కూడా ఎత్తలేదు. కాగితం మీద లెక్క ఇది: వస్తువు 60 పౌండ్లు, కూలెంట్ 25, తొమ్మిది గంటల కూలి 585, ఆపైన 20 శాతం వ్యాట్. మొత్తం 804. కంపెనీ డీలర్ దగ్గర చూడ్డానికే 132 పౌండ్లు, బాగు చెయ్యడానికి "సుమారు" 1,350. కారు అమ్మితే రెండువేలొస్తే గొప్ప.

అరవై పౌండ్ల వస్తువుకి తొమ్మిది గంటలెందుకంటే, ఈ మాట్రిక్స్ అనేది చిన్న రేడియేటర్. ఇంజనులో కాగిన నీళ్ళు రెండు గొట్టాల్లో దానిలోకి వెళ్ళి వస్తుంటాయి, ఫ్యాన్ దాని మీదుగా గాలి ఊదుతుంది. హీటరంటే అంతే, ఇంజను ఎలాగూ పారేసే వేడిని మనం వాడుకోవడం. కానీ చాలా కార్లలో దాన్ని డాష్‌బోర్డు వెనక అట్టడుగున పెడతారు. అందుకోవాలంటే స్టీరింగ్ దగ్గర్నుంచి అంతా విప్పాలి.

మా నాన్నతో చిన్నప్పుడు ఆటోనగర్ వెళ్ళేవాణ్ణి. అక్కడ లెక్క తిరగబడి ఉండేది. వస్తువు ఖరీదు, మనిషి చవక. నా వయసు కుర్రాడొకడు పొద్దుట్నుంచీ కారు కింద పడుకుని పనిచేస్తే, బిల్లులో వాడి వాటా నాన్న ఇచ్చిన టీ డబ్బులకంటే పెద్ద ఎక్కువేం ఉండేది కాదు. అందుకే గంటకి 65 పౌండ్ల కూలి అంటే మన వాళ్ళు గుండెలు బాదుకుంటారు గానీ, నాకు దాని మీద కోపం లేదు. పని తెలిసినవాడి గంటకి ఆ విలువ ఉండాలి. కోపమల్లా చెయ్యని పరీక్షకి ధర కట్టడం మీదే.

ఎందుకంటే ఆ పరీక్షకి రెండు నిమిషాలు చాలు. చారిటీ షాపులో రెండు పౌండ్లకి దొరికిన హేన్స్ మాన్యువల్ పట్టుకుని, పాత కార్లు బాగుచేసే ఒక పంజాబీ పెద్దాయన దగ్గరకి వెళ్ళాను. (1966లో ఆస్టిన్ హీలీ స్ప్రైట్ కారుతో మొదలైన పుస్తకాలివి. ఒక తరం బ్రిటిష్ మగవాళ్ళకి ఇవే రామకోటి.) ఆయన పుస్తకం చూసి నవ్వి, ఇంజను కాగనిచ్చి, లోపలికి వెళ్ళే రెండు గొట్టాలనీ జాగ్రత్తగా తాకి చూశాడు. ఒకటి చెయ్యి పెట్టలేనంత వేడి. రెండోది చల్లగా.

"బేటా, రెండూ వేడిగా ఉంటే నీళ్ళు తిరుగుతున్నట్టే, తప్పు లోపల గాలిని మళ్ళించే తలుపుది. రెండూ చల్లగా ఉంటే కూలెంట్ తగ్గిందో, థర్మోస్టాట్ పోయిందో. ఒకటి వేడి, ఒకటి చల్లన, అంటే మాట్రిక్స్ పూడుకుపోయింది. పోలేదు, పూడుకుపోయింది."

ఇంజను చల్లారేదాకా ఆగి (వేడి మీద కూలెంట్ మూత తీస్తే మొహం కాలుతుంది, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి), గొట్టాలు ఊడదీసి, తోట పైపుతో మెల్లగా వెనకనుంచి ముందుకి నీళ్ళు పెట్టాడు. మొదట ఏమీ రాలేదు. తర్వాత చింతపండు పులుసు రంగులో బురద. ఎప్పుడో ఎవరో రెండు రకాల కూలెంట్లు కలిపి పోసుంటారన్నాడు. మళ్ళీ ఇటునుంచి అటు, అటునుంచి ఇటు, నీళ్ళు తేటపడేదాకా. కొత్త కూలెంట్, గాలి బుడగలు తీయడంతో కలిపి 90 పౌండ్లు.

ఎవరి దగ్గరకెళ్ళినా ఒక మాట అడగండి: ఇది కొటేషనా, ఎస్టిమేటా? ఇక్కడ కొటేషన్ అంటే మీరు ఒప్పుకున్నాక ఆ ధరకే చెయ్యాలి. ఎస్టిమేట్ అంటే ఉజ్జాయింపు. రాతలో తీసుకోండి. డీలరు "సుమారు" అన్నప్పుడు ఆ తేడా నాకు పనికొచ్చింది.

అలాగని కడిగితే అన్నీ బాగుపడతాయని కాదు. మాట్రిక్స్ కారుతుంటే డాష్‌బోర్డు విప్పక తప్పదు. అప్పుడు కారులో తియ్యటి వాసన వస్తుంది, అద్దం మీద జిడ్డు పొర కడుతుంది. పెద్దాయన అదే చెప్పి, పక్క సీటు కింద కార్పెట్ వారానికోసారి చేత్తో తడిమి చూడమన్నాడు. ఆ పని మా ఆవిడ తీసుకుంది. ఆదివారం డ్యూటీకి బయలుదేరే ముందు వంగి తడుముతుంది. రెండు చలికాలాలయింది. ఇంకా పొడిగానే ఉంది.