ప్రశ్నను వెంటబెట్టుకొని

విద్యకు, ప్రయాణానికి ఉన్న సంబంధం మన సాహిత్య చరిత్రకు కొత్త కాదు. పదిహేనవ శతాబ్దంలో శ్రీనాథ మహాకవి విజయనగరానికి వెళ్ళి, ప్రౌఢదేవరాయల ఆస్థానంలో గౌడ డిండిమభట్టును వాదంలో ఓడించి, అతని కంచుఢక్కను పగులగొట్టించి, కనకాభిషేకం పొందిన వృత్తాంతం సాహిత్యాభిమానులందరికీ తెలిసినదే. తాటాకులలో చదివిన శాస్త్రాన్ని పండితుల సభలో నిలబెట్టినప్పుడే అది పాండిత్యమనిపించుకొన్న కాలమది.

తాటాకు స్థానాన్ని నేడు కంప్యూటర్ తెర ఆక్రమించింది. ప్రోగ్రామింగ్ నేర్చుకోగోరే విద్యార్థికి పాఠాలు, ఉదాహరణలు, నిపుణుల ప్రసంగాలు తానున్న చోటనే అంతర్జాలంలో లభిస్తున్నాయి. అయినప్పటికీ ఎందరో ప్రోగ్రామర్లు తమ ఊరు విడిచి, సమీప నగరంలో జరిగే సాంకేతిక సదస్సులకు, సమావేశాలకు తరలివెళుతూనే ఉన్నారు. ఇంట్లో దొరికేదాని కోసం అంత దూరం పోవడమెందుకు? ఇది తల్లిదండ్రులు అడిగే ప్రశ్న. విద్యార్థి తనను తాను అడుగుకోవలసిన ప్రశ్న కూడా.

ఈ సమావేశాలు ప్రధానంగా రెండు విధాలు. మొదటిది సదస్సు. ఇది సాధారణంగా ఏడాదికొకసారి, రెండు మూడు రోజులపాటు జరుగుతుంది. నిర్వాహకులు కొన్ని నెలల ముందుగానే ప్రసంగ ప్రతిపాదనలను ఆహ్వానిస్తారు. వచ్చినవాటిని ఒక సంఘం పరిశీలించి ఎంపిక చేస్తుంది. ప్రసంగాలతోపాటు, స్వయంగా చేసి నేర్చుకొనే కార్యశాలలు కూడా ఉంటాయి. ఐదు నిమిషాలలో ముగించవలసిన ‘లైట్నింగ్ టాక్’లు అనేక సదస్సులలో కొత్తవారికి తొలి వేదికలవుతున్నాయి. రెండవది ‘మీటప్’. నెలకొకసారి, తరచుగా ఒక శనివారం, ఏ కార్యాలయమో కళాశాలో ఇచ్చిన గదిలో కొద్దిమంది కలుసుకొంటారు. ఒకరిద్దరు మాట్లాడతారు, మిగిలిన సమయమంతా సంభాషణకే. సదస్సుకు ప్రవేశ రుసుము ఉండడం పరిపాటి. మీటప్‌లు చాలావరకు ఉచితం. ప్రోగ్రామర్ల సంఘాలు జరిపే ఇటువంటి కార్యక్రమాలను ఉద్యోగాలు చేసుకొంటూనే తీరిక వేళలను వెచ్చించే స్వచ్ఛంద కార్యకర్తలే ఎక్కువగా నిర్వహిస్తారు.

కంప్యూటర్ చరిత్రను పరిశీలిస్తే, అందులోని కొన్ని ముఖ్య ఘట్టాలు ఇటువంటి సభలలోనే జరిగినట్లు తెలుస్తుంది. 1968 డిసెంబరు 9న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ఒక కంప్యూటర్ మహాసభ జరిగింది. అక్కడికి దాదాపు యాభై కిలోమీటర్ల దూరంలోని మెన్లోపార్క్ అనే ఊరి పరిశోధనాలయం నుంచి డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే శాస్త్రవేత్త వచ్చాడు. సుమారు వేయిమంది నిపుణుల ఎదుట తొంబై నిమిషాలపాటు తన బృందం సాధించినదాన్ని ప్రత్యక్షంగా చేసి చూపాడు. ఈనాడు ప్రతి బల్లపై కనబడే మౌస్, ఒక పుటనుంచి మరొక పుటకు చేర్చే లింకు, దూరాన ఉన్న ఇద్దరు ఒకే తెరపై కలిసి పనిచేయడం మొదలైనవాటిని ఆనాటి సభ్యులు అక్కడ చూశారు. వ్యాసంలో చదివితే ఊహకు అందని విషయం కళ్ళెదుట జరిగినప్పుడు నమ్మకంగా మారింది.

అదే మెన్లోపార్క్‌లో, 1975 మార్చి 5న, ఒక ఇంటి కారు షెడ్డులో ముప్పైమందికి పైగా కంప్యూటర్ అభిమానులు సమావేశమయ్యారు. ఇదే తరువాత ‘హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్’గా ప్రసిద్ధికెక్కింది. ఆ కూటమికి హాజరైనవారిలో స్టీవ్ వోజ్నియాక్ ఒకడు. అక్కడ విన్న విషయాలే అతనిలో సొంత కంప్యూటర్ తయారుచేయాలన్న ఆలోచనకు బీజం వేశాయి. ఆపిల్ సంస్థ తొలి కంప్యూటర్ అలా రూపొందింది. తన నమూనా పటాలను అతడు ఆ క్లబ్బు సభ్యులకు పంచిపెట్టాడు కూడా.

నేడు విద్యార్థులు విరివిగా నేర్చుకొనే పైథాన్ భాష కథ కూడా ఇటువంటిదే. 1994లో అమెరికాలో జరిగిన తొలి పైథాన్ కార్యశాలకు హాజరైనవారు సుమారు ఇరవైమంది మాత్రమే. ఆ భాషాభిమానుల సదస్సు ‘పైకాన్ ఇండియా’ మన దేశంలో 2009లో బెంగళూరులో మొదలైంది. 2018లోనూ, మరల 2023లోనూ దానికి హైదరాబాదు ఆతిథ్యమిచ్చింది. ఒకప్పుడు సముద్రాలు దాటితే తప్ప దక్కని సభాప్రవేశం ఇప్పుడు తెలుగు విద్యార్థికి ఒక పూట ప్రయాణ దూరంలోకి వచ్చింది.

వరంగల్లులో చదివే ఒక విద్యార్థిని ఉదాహరణగా తీసుకొందాం. హైదరాబాదు ఆమెకు సుమారు నూటయాభై కిలోమీటర్లు. తెల్లవారుజామున బయలుదేరితే రెండు మూడు గంటలలో రైలు సికింద్రాబాదు చేరుతుంది. 2019లో మెట్రో రైలు హైటెక్ సిటీకి, ఆపైన రాయదుర్గానికి విస్తరించడంతో సికింద్రాబాదు స్టేషను చెంతనే మెట్రో ఎక్కి నేరుగా ఆ ప్రాంతానికి పోవచ్చు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుంచి సాఫ్ట్‌వేర్ సంస్థలకు నెలవైన ఆ పరిసరాలలోనే ఇటువంటి సమావేశాలు అనేకం జరుగుతుంటాయి. కొత్త సంస్థలను ప్రోత్సహించేందుకు 2015లో ప్రారంభమైన టీ-హబ్ కూడా 2022లో రాయదుర్గంలోని నూతన భవనానికి మారింది. ఉదయం వెళ్ళి రాత్రికి తిరిగి రాగల ప్రయాణమిది.

దారి సుగమమైనంత మాత్రాన ప్రయాణం సులభమని చెప్పలేము. రానుపోను ఖర్చులు, ప్రవేశ రుసుము, భోజనం కలిపితే సామాన్య కుటుంబానికి అది భారమే. ఆడపిల్ల ఒంటరిగా నగరానికి పోవడమేమిటన్న సంశయం ఇంకా చాలా ఇళ్ళలో ఉంది. రాత్రి రైలు ఆలస్యమైతే ఎలాగన్న తండ్రి ఆందోళనను తేలికగా తీసివేయరాదు. తోటి విద్యార్థులు నలుగురైదుగురు కలిసి వెళ్ళడం, వెళ్ళే చోటు, తిరిగివచ్చే వేళ ఇంట్లో చెప్పడం దీనికి తగిన మార్గం. అనేక సదస్సులు విద్యార్థులకు తక్కువ రుసుమును నిర్ణయిస్తున్నాయి. కొన్ని ప్రయాణ ఖర్చులకు సహాయం కూడా చేస్తున్నాయి. హాజరైనవారెవరూ ఇతరులను కించపరచకుండా ప్రవర్తనా నియమావళిని ప్రకటించడం కూడా ఆచారమైంది. ఇటువంటి వివరాలను ముందుగా విచారించుకోవడం వివేకం.

వీటన్నిటికంటే పెద్ద అడ్డంకి మరొకటి ఉంది. అది జంకు. తెలుగు మాధ్యమంలో చదువుకొని వచ్చిన విద్యార్థి, అనర్గళంగా ఆంగ్లం మాట్లాడేవారి నడుమ కూర్చొన్నప్పుడు తన సందేహాన్ని నోటనే అణచుకొంటాడు. తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనని వెనుక వరుసలో మౌనంగా ఉండిపోతాడు. నూటయాభై కిలోమీటర్లు దాటివచ్చినవాడు చేయెత్తడానికి కావలసిన మూరెడు దూరాన్ని దాటలేకపోతాడు. ప్రసంగం ముగుస్తుంది, సభ చెదురుతుంది, ప్రశ్న అతనితోనే రైలెక్కి తిరిగి వస్తుంది. ఈ నష్టాన్ని ఎవరూ లెక్కించరు.

నిజానికి ప్రశ్నించేవారు లేకుండా సభ లేదు. మన అవధానంలో అవధానితో సమానంగా పృచ్ఛకులకూ పీట వేశారు. పృచ్ఛకుడు అడగనిదే అవధాని ప్రతిభ వెల్లడి కాదు. ప్రోగ్రామర్ల సభలోనూ అంతే. పక్షం రోజులుగా తలబద్దలు కొట్టుకొన్నా తొలగని లోపం గురించి తేనీటి విరామంలో ఒకరితో చెప్పుకొంటే, ఆ సాఫ్ట్‌వేర్‌ను రాసినవారే ఎదుట ఉండవచ్చు. సమస్యను ఎదుటివారికి అర్థమయ్యేలా వివరించే ప్రయత్నంలోనే దాని ముడి విడిపోవడం కూడా ప్రోగ్రామర్లకు అనుభవమే. అందుకే అనుభవజ్ఞులు వేదికపై ప్రసంగాలతో సమానంగా వరండాలోని సంభాషణలకు విలువనిస్తారు. వచ్చీరాని ఆంగ్లంలో అడిగినా, తెలుగువారు కనబడితే తెలుగులోనే అడిగినా, సందేహం సరైనదైతే సమాధానం దొరుకుతుంది.

తెలుగు తెలిసినవారు ఇటువంటి సభలలో నోరు విప్పడం వారి సొంత లాభానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. 2018 ఫిబ్రవరిలో జరిగిన ఒక సంఘటన దీనికి నిదర్శనం. ఆనాటి ఐఫోన్లలో ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరాన్ని ఒక ప్రత్యేక క్రమంలో కూర్చిన సందేశం తెరపైకి రాగానే సందేశాల యాప్ నిలిచిపోయేది. మన కంటికి ఒక్కటిగా కనబడే ఆ అక్షరం కంప్యూటరు లోపల జకారం, పొల్లు, ఞకారం, దీర్ఘం అనే నాలుగు సంకేతాల వరుస. కంటికి కనబడని మరొక సంకేతం వాటి మధ్య చేరినప్పుడు, అక్షరాన్ని తెరపై గీసే ప్రోగ్రాము దిక్కుతోచక ఆగిపోయింది. ఆపిల్ సంస్థ అదే నెలలో సవరణను విడుదల చేసింది. జ్ఞానానికి తొలి అక్షరమే యంత్రానికి కొరుకుడుపడలేదు! ఒత్తులు, గుణింతాలు ఎలా కలుస్తాయో పుట్టుకతో ఎరిగినవారు ప్రోగ్రాములు రాసేవారి మధ్య, వాటిని పరీక్షించేవారి మధ్య ఎంతమంది ఉంటే మన లిపికి అంత రక్షణ. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియా కూడా స్వచ్ఛందంగా రాసేవారి కృషితోనే పెరిగింది. భారతీయ భాషల వికీపీడియా కార్యకర్తలు పాల్గొన్న జాతీయ సదస్సు 2023 ఏప్రిల్‌లో హైదరాబాదులోనే జరిగింది. అటువంటి సభలో మన భాష కష్టసుఖాలను మనమే వినిపించాలి.

సభకు వెళ్ళేవారు కొంత సన్నద్ధతతో వెళ్ళాలి. కార్యక్రమ పట్టికను ముందే చదివి, తమకు అవసరమైన ప్రసంగాలను గుర్తించుకోవాలి. తాము రాసిన ప్రోగ్రాము ఎంత చిన్నదైనా చూపడానికి సిద్ధంగా ఉంచుకోవాలి. తమను వేధిస్తున్న ఒక ప్రశ్ననైనా కాగితంపై రాసుకోవాలి. సంస్థల దుకాణాలలో ఉచితంగా పంచే సంచులు, చొక్కాలు, స్టిక్కర్లు మూటగట్టుకొని, వేదిక ముందు ఫొటోలు దిగి, ప్రశంసాపత్రంతో తృప్తిపడి వచ్చేవారూ లేకపోలేదు. అటువంటివారు తిరునాళ్ళకు పోయి దైవదర్శనం మరచినవారితో సమానులు.

తిరిగివచ్చిన తరువాత చేయవలసిన పని మరొకటి మిగిలి ఉంటుంది. నగరంలో విన్నదాన్ని మరుసటి వారమే కళాశాలలో నలుగురిని కూర్చోబెట్టి చెప్పాలి. ఖర్చు భరించలేక రాలేకపోయిన స్నేహితునికి, ఇంట్లో అనుమతి దొరకని స్నేహితురాలికి ఆ సభ అలా చేరుతుంది. ఖాళీ తరగతి గది, ఒక నల్లబల్ల, నెలకొక శనివారం ఉంటే చాలు. ఊరిలోనే ఒక మీటప్ ఏర్పడినట్లే. తొలి పైథాన్ కార్యశాలకు వచ్చినవారు ఇరవైమందే అన్న సంగతి ఇక్కడ స్మరించదగినది.

శ్రీనాథుడు వెళ్ళిన సభలో ఒకరి గెలుపు మరొకరి ఓటమి. అందుకే అక్కడ కంచుఢక్క పగిలింది. ప్రోగ్రామర్ల సభలో తెలిసినవాడు చెప్పినందువల్ల అతని విద్య తరగదు. తెలియనివాడు అడిగినందువల్ల అతని గౌరవం తగ్గదు. అక్కడ పగలవలసింది జంకు ఒక్కటే. దాన్ని నగరంలోనే విడిచిపెట్టి, సమాధానంతోపాటు మరొక కొత్త ప్రశ్నను వెంటబెట్టుకొని తిరుగు రైలెక్కగలిగిన విద్యార్థికి ఆ ప్రయాణం సార్థకమైనట్లే.