ఆపరేషన్ పరికరాల్లో క్రిములు లేకుండా చేసేదెలా?

"ఆపరేషన్ చేయించుకుంటే కడుపులో చీము పడుతుందట" అని కొందరు భయపడతారు. ఈ భయాన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు. 2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకేరోజు 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. వారిలో నలుగురు తల్లులు చనిపోయారు. ఇన్ఫెక్షన్ సోకడమే కారణమని విచారణలో తేలింది. అందుకే పరికరాల శుభ్రత గురించి భార్యాభర్తలిద్దరూ తెలుసుకోవాలి.

మరిగిస్తే చాలదా?

చాలదు. నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఆ వేడికి చాలా క్రిములు చస్తాయి. కాని ధనుర్వాతం క్రిమి గట్టి పెంకులో విత్తనంలా దాగి బతుకుతుంది.

మరేం చేయాలి?

1. వాడిన కత్తెరలు, పట్టకార్లు ముందుగా 0.5 శాతం క్లోరిన్ నీళ్ళలో 10 నిమిషాలు ఉంచాలి. బ్లీచింగ్ పౌడరుతో ఈ నీళ్ళు తయారు చేస్తారు.

2. తర్వాత సబ్బు నీళ్ళలో బ్రష్షుతో రుద్ది కడగాలి. నెత్తురు మరక మిగిలితే దాని చాటున క్రిములు బతికిపోతాయి.

3. ఆరబెట్టి, గుడ్డలో చుట్టి ఆటోక్లేవులో పెట్టాలి. ఇది పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిదే. 15 పౌన్ల ఒత్తిడిలో ఆవిరి వేడి 121 డిగ్రీలకు చేరుతుంది. విడి పరికరాలకు 20 నిమిషాలు, మూటలకు 30 నిమిషాలు కావాలి. ఒత్తిడి పూర్తిగా వచ్చాకనే లెక్క మొదలు. కరెంటు లేనిచోట స్టవ్ మీద పెట్టే ఆటోక్లేవులు ఉన్నాయి.

4. మూట తడిగా ఉంటే వాడరాదు. తడి గుడ్డలోంచి క్రిములు లోపలికి పోతాయి.

వేడికి తట్టుకోని ల్యాపరోస్కోపును 2 శాతం గ్లూటరాల్డిహైడ్ మందులో 20 నిమిషాలు ముంచి, క్రిములు లేని నీళ్ళతో కడగాలి. ఒకరికి వాడాక ఇంకొకరికి వాడాలంటే ఈ సమయం పట్టి తీరుతుంది. కనుక "తొందరగా కానివ్వండి, ఇంటికి పోవాలి" అని డాక్టరు గారిని ఒత్తిడి చేయకండి.

మీరేం చేయాలి?

స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకొని రండి. మూట మీది టేపుపై చారలు నల్లబడ్డాయా అని నర్సమ్మను అడగండి. నల్లబడితే ఆటోక్లేవులో పెట్టినట్టు గుర్తు. మగవారి ఆపరేషనుకూ ఇదే పద్ధతి.

ఇంటికి వెళ్ళాక కట్టు తడవనీయకండి. జ్వరం, చీము, వాపు, కడుపునొప్పి ఎక్కువ కావడం – ఏది కనబడినా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి రండి.

అడగడం తప్పు కాదు. అడిగి తెలుసుకోవడం మీ హక్కు.