రూపం లేని గుర్తుకూ ఒక నంబరు

గోండి అక్షరాలు యూనికోడ్‌లో చేరాయంటున్నారు, మరి నా ఫోన్‌లో గళ్లే వస్తున్నాయేమిటని గోపన్‌పల్లి నుంచి ఒక పాఠకుడు అడిగారు. ఆ ఊరిని ఆనుకుని ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయానికీ ఈ కథతో సంబంధం ఉంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి రాతప్రతులను ఆచార్య జయధీర్ తిరుమలరావు వెలుగులోకి తెచ్చారు. అవి 1750 ప్రాంతానివని అంచనా. ఆ విశ్వవిద్యాలయంలోని దళిత, ఆదివాసీ అధ్యయన కేంద్రం వాటి మీద పనిచేసింది. ఆ లిపిని యూనికోడ్‌లో చేర్చాలని అంశుమన్ పాండే ప్రతిపాదన రాశారు. 2018 జూన్‌లో, యూనికోడ్ 11వ వెర్షన్‌లో, గుంజాల గోండి లిపి చేరింది.

ఒక్కో అక్షరానికి యూనికోడ్ ఇచ్చేది నంబరే. తెలుగు 'క' 3093, గుంజాల 'క' 73073. బొమ్మ గీయడం ఫాంటు పని. అది లేని ఫోన్‌లో గడి పడుతుంది. 'నోటో సాన్స్ గుంజాల గోండి' ఫాంటు ఉంటే సరి.

నన్ను కట్టిపడేసింది మాత్రం 73111. దాని పేరు విరామం.

ముందు మన 'స్త్రీ' చూడండి. తెర మీద ఒక్క అక్షరం, లోపల ఆరు నంబర్లు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. పొల్లు పడగానే 'స'లోని అకారం పోతుంది, వెనకొచ్చే 'త' ఒత్తుగా కిందికి దిగుతుంది. వెనక హల్లేదీ రాకపోతే, 'పాల్' అన్నప్పటిలా, పొల్లు తానే కనబడుతుంది.

గుంజాల విరామానికి ఈ రెండో పని లేదు. రెండు హల్లుల నడుమ చేరి జంట కట్టించడమే దాని పని. తనకంటూ రూపమే లేదు. 'ఇక్కడ కలుపు' అని రాసేవాళ్లు మనసులో అనుకునే మాటకు నంబరు దొరికిందన్నమాట! ఎంత పొదుపో లెక్కేయండి. ఈ లిపిలో హల్లులు 30. జంటలన్నిటికీ విడివిడిగా నంబర్లివ్వాలంటే 900 కావాలి, మూడేసి కలిస్తే 27,000. ఒక్క కనిపించని గుర్తు అంత పనినీ మోస్తోంది.

నంబర్ల దగ్గరే పెద్దవాళ్లు పొరబడ్డారు. 1988లో జో బెకర్ యూనికోడ్‌ను ఊహించినప్పుడు నేటి లిపులన్నిటికీ 65,536 చోట్లు చాలనుకున్నారు. చాలలేదు, 1996లో హద్దు పెంచారు. గుంజాల అక్షరాలన్నీ ఆ పాత హద్దుకు అవతలే ఉన్నాయి. అందుకే, ఆ హద్దు దాటిన అక్షరాన్ని రెండు ముక్కలుగా లెక్కపెట్టే జావాస్క్రిప్ట్‌లో పొడవు అడిగితే గుంజాల 'క' ఒక్కటే అయినా రెండని చెబుతుంది. పేరు ఇరవై అక్షరాలు మించకూడదనే దరఖాస్తులో గోండి పేరు పదికే ఆగిపోవచ్చు. గోపన్‌పల్లి చుట్టుపక్కల అలాంటి దరఖాస్తులు తయారుచేసే ఇంజనీర్లకు కొదవ లేదు. పరీక్షించేటప్పుడు 73073 ఒకసారి కొట్టి చూడండి.