వేళ తప్పితే మాట చెడుతుంది

ఫోన్లో మాట్లాడేటప్పుడు యంత్రం మన గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాసుకుంటుంది. మొత్తం సెకనుకు 64 వేల బిట్లు. ఇవాళ ఏ ఆఫీసు నెట్‌వర్కుకైనా అది లెక్కలోకి రాని బరువు. చిక్కంతా వేళతోనే. ఫైలు అర సెకను ఆలస్యంగా చేరినా నష్టం లేదు. మాట చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటితే మాత్రం ఇద్దరూ ఒకరి మాటకొకరు అడ్డం పడటం మొదలవుతుంది.

తొలినాటి ఈథర్‌నెట్‌లో ఒకే తీగను అందరూ పంచుకునేవారు. ఇద్దరు ఒకేసారి పంపితే సంకేతాలు ఢీకొని, ఇద్దరూ కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నించాలి. రద్దీలో ఆ ‘కాసేపు’ ఎంతో ఎవరూ చెప్పలేరు.

దీనికి గట్టి జవాబు 1980లలో పెర్త్‌లో పుట్టింది. వెస్టర్న్ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో న్యూమన్, బుద్రికిస్, హల్లెట్ క్యూపీఎస్‌ఎక్స్ అనే పద్ధతిని రూపొందించారు. ఎదురెదురు దిశల్లో నడిచే రెండు తీగలు. వాటి మీద 53 బైట్ల గళ్లు ఆగకుండా సాగిపోతుంటాయి. డేటా పంపాలనుకున్న కంప్యూటరు రెండో తీగ మీద ‘నాకొక గడి కావాలి’ అని గుర్తు పెడుతుంది. దారిలోని కంప్యూటర్లు ఆ గుర్తులను లెక్కపెట్టుకుని, తమకంటే ముందు అడిగినవారికి అన్ని ఖాళీ గళ్లు వదిలేస్తాయి. పైన పెత్తనం చేసేవారు లేకుండానే వరుస తప్పదు.

మాటకు ఆ వరుస కూడా లేదు. రైల్లో రిజర్వేషన్ బెర్తులాగా కొన్ని గళ్లు ముందే కేటాయించి ఉంటాయి. 125 మైక్రోసెకన్లకోసారి ఆ గడి మళ్లీ వస్తుంది, అందులో ఒక్కో బైటు ఒక్కో సంభాషణది. సెకనును 8,000తో భాగిస్తే వచ్చేది సరిగ్గా ఆ 125 మైక్రోసెకన్లే! గొంతు లయకే నెట్‌వర్కును కట్టిన ఆ ఆలోచన నాకు ఇప్పటికీ అపురూపంగానే తోస్తుంది.

1990లో ఇది ఐఈఈఈ 802.6 ప్రమాణమైంది. తర్వాత చవకైన స్విచ్‌లతో ఈథర్‌నెట్ దాన్ని పక్కకు నెట్టింది. స్విచ్‌లు ఢీకొనడాన్ని తప్పించాయి గానీ వరుసలో నిలబడటాన్ని తప్పించలేదు.

ఇప్పుడు ఆస్ట్రేలియాలో జాతీయ బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్కు (ఎన్‌బీఎన్) వచ్చిన చాలా ఇళ్లలో ఫోను మోడెమ్‌కే తగిలిస్తారు. సిడ్నీలో అమ్మమ్మ గుంటూరుతో మాట్లాడుతుండగా మనవడు వీడియో ఎక్కించాడనుకుందాం. పైకి పంపే వేగం సెకనుకు 10 లక్షల బిట్లయితే, 1,500 బైట్ల ప్యాకెట్ ఒక్కటి దాటడానికే 12 మిల్లీసెకన్లు. ముందు అలాంటివి ఇరవై ఉంటే అమ్మమ్మ మాటకు 240 మిల్లీసెకన్ల నిరీక్షణ. గొంతు ముక్కలైతే ఖరీదైన ప్లాను కొనేముందు రౌటర్‌లో వాయిస్ ప్యాకెట్లకు ప్రాధాన్యం ఇచ్చే అమరిక ఉందేమో చూడండి. అది పనిచేస్తే అమ్మమ్మ మాట ఆ ఇరవై వెనక ఆగదు. దాటుతున్న ప్యాకెట్ ఒక్కటి పూర్తికాగానే బయల్దేరుతుంది.