వెలుగును పెంచే వెండి నలుసులు

మిరపకాయలు కళ్ళంలో ఎండే రోజుల్లో మా మెట్ట పల్లెలు చూడాలి. జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల నేలమీద ఎర్ర జంబుఖానాలు పరిచినట్లుంటుంది. (2022 నుంచి మావి ఎన్.టి.ఆర్. జిల్లా వూళ్ళే గాని, నోటికింకా కృష్ణాజిల్లా అనే వస్తుంది.) అంత అందమైన కాయమీద మందు ఎంత మిగిలిందో మాత్రం కంటికి కనబడదు. ఎక్కువ మిగిలితే విదేశం వెళ్ళిన సరుకు తిరిగి రావచ్చు. వెళ్ళనిది మన కారప్పొడిలోనే వుంటుంది. ప్రయోగశాలకు పంపి ఎదురుచూడకుండా కళ్ళం దగ్గరే తేల్చుకునే ఉపాయం లేదా? వెలుగుతో సాధ్యమే అంటున్నారు శాస్త్రజ్ఞులు.

దీనికి మూలపురుషుడు, విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి. వి. రామన్ గారే. ఒకే రంగు కాంతిని పదార్థం మీదికి పంపితే, చెదరిన దానిలో రవ్వంత రంగు మార్చుకుని వస్తుందని 1928 ఫిబ్రవరి 28న ఆయన ప్రకటించారు. ఆ మార్పు ఏ అణువుకా అణువుకు వేరు; వేలిముద్ర వంటిది. కలకత్తాలో ఆయన దగ్గర పనిచేసిన సూరి భగవంతం గారు మన కృష్ణాజిల్లా వారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, 1940లో ఈ విషయంమీద గ్రంథమే వెలువరించారు.

చిక్కల్లా ఆ కాంతి మరీ పలచన. చెదరిన కాంతికణాలు కోటి వుంటే రంగు మారేది ఏ ఒకటో రెండో. 1974లో ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో ఫ్లైష్‌మన్, ఆయన సహచరులు గరుకు చేసిన వెండిమీద పిరిడిన్ అనే పదార్థాన్ని పరీక్షిస్తే ఎన్నడూ లేనంత బలంగా వచ్చింది. గరుకువల్ల ఎక్కువ అణువులు అంటుకున్నాయనుకున్నారు. ఆ సమాధానం చాలదని, వెండే ఆ కాంతిని లక్షలరెట్లు పెంచుతున్నదని 1977లో తేలింది.

ఉయ్యాలను సమయం చూసి తోస్తే పైపైకి పోతుంది గదా! తగిన రంగు కాంతి తగిలితే వెండి నలుసులోని ఎలక్ట్రానులూ అలాగే ఊగుతాయి. రెండు నలుసుల నడిమి సందులో ఆ ఊపు మరీ ఎక్కువ. అక్కడ విద్యుత్‌క్షేత్రం పదిరెట్లయితే, లోపలికి వచ్చే కాంతి నూరురెట్లు, బయటికి పోయే రామన్ కాంతి మరో నూరురెట్లు, వెరసి పదివేలు!

అయితే నలుసు గుండ్రంగా వుండాలా, పుల్లలా వుండాలా, సందు ఎంత? అన్నీ చేసి చూడటం తలకుమించిన పని. అందుకని ముందు కంప్యూటరులో లెక్క వేస్తారు. నా దగ్గర తెలుగు చదివిన కుర్రవాడొకడు హైదరాబాదులో ఈ పనిలోనే వున్నాడు. 1966లో కేన్ యీ చూపిన పద్ధతి ఒకటి వుందట. చోటునంతా చిన్న గళ్ళుగా కోస్తారు. మాగాణిలో నీరు మడినుంచి మడికి పారినట్లు, ప్రతి గడిలోని విద్యుత్తును, అయస్కాంతాన్ని పక్కగళ్ళను బట్టి క్షణక్షణానికి లెక్కగడతారు. నూరు నానోమీటర్ల ఘనాన్ని అర నానోమీటరు గళ్ళుగా కోస్తే 80 లక్షల గళ్ళు. గడికి ఆరు అంకెలు.

"ఆ లెక్కను నమ్మవచ్చునటోయ్?" అన్నాను.

"గడిని సగం చేసి మళ్ళీ వేసినా జవాబు మారకపోతే నమ్మవచ్చు మేస్టారూ. కాని అప్పుడు గళ్ళు ఎనిమిదింతలు, పని పదహారింతలు!"

సూదిమొన గీసి లెక్కవేస్తే గడి తగ్గేకొద్దీ అంకె పెరుగుతూనే పోతుందట. అందుకని మొనను నిజమైన నలుసుకు మల్లే కాస్త గుండ్రం చేస్తారు. క్షేత్రం 20 రెట్లయితే కాంతి 1,60,000 రెట్లు. పొరబాటున 30 అనుకుంటే 8,10,000. పైగా ఆ పెద్ద అంకె సందులోనే. మందు అణువు అక్కడికి చేరకపోతే ఆ అంకె ఎందుకూ కొరగాదు. ఎర్రరంగు పూసిన బొమ్మల్లో ఈ సంగతి కనబడదు, నాకు అదే కొరత.

హైదరాబాదు విశ్వవిద్యాలయంలో సోమా వేణుగోపాలరావు గారి బృందం లేసరుతో వెండి, బంగారు నలుసులు తయారుచేసి, పేలుడు పదార్థాల ఆనవాళ్ళను ఈ విధంగానే పట్టింది. విత్తనాలకు పట్టించే థైరామ్ మందులో గంధకం వుండటంచేత వెండిని ఇట్టే అంటుకుంటుంది. దాన్ని పట్టడం తేలికే. మిగతా మందులన్నీ అంత సులువుగా అంటవు. మిరపకాయ దగ్గర మరో తంటా: పచ్చని లేసరు తగిలితే మందుకంటె ముందు ఆ కాయ ఎర్రరంగే గట్టిగా పలుకుతుంది. అందుచేత కాయను నేరుగా చూడకుండా, కడిగిన ద్రవంలోనుంచి ఒక చుక్క తీసి నలుసులమీద వేయాలంటాడు మా కుర్రవాడు.